ఫ్రెష్ ఎండుచేప

మా ఊరి పేరు కొత్తరేవు. పేరులో కొత్త ఉంది గానీ ఊరు బాగా పాతది. రేవు ఎప్పుడో ఇసక మేటవేసి పోయింది, పేరు మిగిలింది. మునిసిపల్ ఆఫీసు దొరలు కట్టిన భవనం. అందులో కుర్చీలు ఆ దొరలు కూర్చున్నవే. ఆ కుర్చీల్లో ఇప్పుడు మేం కూర్చుంటున్నాం. కొత్తగా ఉండమని మమ్మల్ని ఎవరూ అడగలేదు, మేమూ ఎవర్నీ అడగలేదు. హాయిగా ఉండేవాళ్ళం.

అలాంటి మా నెత్తిమీద 'ఫ్రెష్' అనే మాట వచ్చి పడింది.

నిజానికి ఆ మాట మాకు కొత్తదేం కాదు. పోయినేడు పెట్టుకున్న అర్జీ ఏమైందండీ అని ఎవరైనా అడిగితే "ఫ్రెష్‌గా పెట్టుకోండి" అంటాం. పాతది ఎక్కడో పారేశామని చెప్పడానికి అంతకన్నా మర్యాదైన మాట మాకింతవరకూ దొరకలేదు. భోజనాలయ్యాక మీటింగుంటే "ఫ్రెష్ అయి వస్తానండీ" అని ఇంటికెళ్ళిన వాళ్ళు మర్నాడు పొద్దున్న కనిపిస్తారు. కాలేజీ నుంచి అప్పుడే వచ్చిన కుర్రాడు ఫ్రెషర్, అంటే జీతం తక్కువిచ్చినా నోరెత్తడని అర్థం. ఎవరి అవసరానికి తగ్గట్టు వాళ్ళు వాడుకునేవాళ్ళు. ఆ మాట వల్ల ఊళ్ళో ఎవరికీ తలనొప్పి వచ్చిన దాఖలా లేదు.

ఇంతలో రాజధాని నుంచి, పై ఆఫీసువారి సర్క్యులర్ వచ్చింది. పురపాలక సంఘాల పరిధిలోని మార్కెట్లలో ఇకమీదట ఫ్రెష్ సరుకు మాత్రమే అమ్మవలెను. బాగా అమలు చేసిన ఊరికి 'ఫ్రెష్ టౌన్' షీల్డు. ఆ ఊరి కమిషనర్‌కి విదేశీ మార్కెట్ల అధ్యయన యాత్ర.

మా కమిషనర్ గరుడాచలం గారు ఆఖరి వాక్యం రెండుసార్లు చదువుకున్నారు.

"భానోజీ!" అని పిలిచారు. భానోజీరావంటే నేనే. మార్కెట్ సెక్షన్లో సీనియర్ అసిస్టెంటుని. "ఇది చాలా ప్రజోపయోగకరమైన సర్క్యులరయ్యా. పౌరుల ఆరోగ్య పరిరక్షణ దృష్ట్యా సదరు ఆదేశాల్ని తక్షణం, సమగ్రంగా, తు.చ. తప్పకుండా అమలు చెయ్యాలి."

"చిత్తం. ఫ్రెష్ అంటే ఏమిటో ఇందులో రాయలేదండి."

ఆయన కాగితం తిరగేసి చూశారు. వెనక ఏమీ లేదు. "రాయలేదంటే మన విజ్ఞతకి వదిలేశారన్నమాట" అన్నారు సంతోషంగా. "కమిటీ వేద్దాం."

ఆ నోరు ఎందుకు తెరిచానా అని తరవాత నేను చాలాసార్లు అనుకున్నాను. ఆరోజు మాత్రం బుద్ధిగా కమిటీకి బిస్కెట్లు తెప్పించాను.

కమిటీలో హెల్త్ ఆఫీసర్ హేమసుందర్ గారు, ఇంజనీరు పేర్రాజు గారు, సిబ్బంది వ్యవహారాలు చూసే సూపరింటెండెంట్ తిలోత్తమ గారు. మా ఆఫీసులో నిబంధనల పుస్తకం కంఠతా వచ్చిన మనిషి తిలోత్తమ గారొక్కరే. ఆవిడ గొడుగు తెరిచినా ఏ నిబంధన కింద తెరిచారో చెప్పగలరు.

హేమసుందర్ గారు ముందు గొంతు సవరించుకున్నారు. "వైద్యశాస్త్ర రీత్యా, కోసినది గానీ పట్టినది గానీ ఒక్కరోజు దాటితే అది ఫ్రెష్ కాదు."

"అదెలాగండీ?" అన్నారు పేర్రాజు గారు. ఆయనది తాగునీటి విభాగం. "మా భాషలో ఫ్రెష్ వాటర్ అంటే ఉప్పు లేని నీరు. నిన్నటిదా ఇవాళ్టిదా అన్నది మాకనవసరం. వెయ్యేళ్ళనాటి చెరువైనా సరే, ఉప్పు లేకపోతే అది ఫ్రెష్. కాబట్టి ఉప్పు ఉండకూడదు. అదీ మూలసూత్రం."

తిలోత్తమ గారు కళ్ళజోడు సర్దుకున్నారు. "నియామక నిబంధనల్లో ఫ్రెష్ అభ్యర్థి అంటే పూర్వానుభవం లేనివాడని స్పష్టంగా ఉంది. చేపలకో న్యాయం, మనుషులకో న్యాయం ఉండదు కదండీ."

ఇంతలో బిస్కెట్ల పళ్ళెం పట్టుకొచ్చిన అటెండర్, సారు గారు కారు దిగి ఫ్రెషయి వస్తానంటే మొహం కడుక్కోడానికే కదండీ అన్నాడు. అతన్ని ఎవరూ అడగలేదు. అయినా కమిషనర్ గారు, క్షేత్రస్థాయి సిబ్బంది అభిప్రాయాన్ని కూడా పరిగణనలోకి తీసుకోవాలని అన్నారు.

నలుగురివీ నాలుగు మాటలు. నేను కలం పట్టుకుని, "ఇందులో ఏది రాయమంటారు?" అనడిగాను.

"అన్నీ రాయి" అన్నారు కమిషనర్ గారు. "మధ్యలో 'మరియు' పెట్టు."

"'లేదా' పెడితే అమ్ముకునేవాళ్ళకి కాస్త వీలుగా ఉంటుందేమో సార్?"

"వెర్రివాడా! 'లేదా' అని రాస్తే ఏది వర్తిస్తుందో ఎవరో ఒకరు తేల్చాలి. ఆ బాధ్యత మనమీద పడుతుంది. 'మరియు' అని రాస్తే అవతలివాడు పాటించాలి. అంతే."

ఆయన ముప్ఫయ్యేళ్ళ సర్వీసు ఊరికే చెయ్యలేదని నాకప్పుడర్థమైంది.

ఆ విధంగా మా ఊళ్ళో ఫ్రెష్ అనగా ఒక్కరోజుకి మించని, మరియు ఉప్పు లేని, మరియు పూర్వానుభవం లేని, మరియు ముఖం కడిగిన వస్తువు అని నిర్వచనం ఖరారైంది. తుది మెరుగుగా తిలోత్తమ గారు 'వస్తువు' పక్కన 'మరియు వ్యక్తి' అని చేర్చారు.

మర్నాడు హేమసుందర్ గారితో కలిసి మార్కెట్‌కి వెళ్ళాను. ఆకుకూరల వాళ్ళు చులాగ్గా గట్టెక్కారు. వంకాయలకి మొహం ఎటుంటుందని ఒకామె అడిగితే, తొడిమ లేనివైపని హేమసుందర్ గారు సెలవిచ్చారు. చింతపండు కోటిలింగం మాత్రం లబోదిబోమన్నాడు. కొత్త చింతపండు ఎవడు తింటాడండీ, కడుపు చెడిపోదా అన్నాడు. పక్క కొట్టతను పాత బియ్యం అన్న బోర్డు పీకి బల్లకింద దాచాడు. ఆవకాయ అమ్మే కొట్లో మామిడి ముక్కలు ఒక గిన్నెలో, కారం ఒక గిన్నెలో, ఆవపిండి మరో గిన్నెలో పెట్టి ఎవరిది వాళ్ళు ఇంటికెళ్ళి కలుపుకోమన్నారు. ఉప్పు సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు.

ఆఖర్న ఎండుచేపల వరస. అక్కడ మిగిలినవాళ్ళంతా హేమసుందర్ గారి కోటు చూడగానే తట్టలు సర్దుకుని మాయమైపోయారు. మసేనమ్మ మాత్రం కదల్లేదు. ఆమెది తట్ట కాదు, కొట్టు. పలకల తలుపులు, ముందు అరుగు, లోపల దండేల మీద తోకలతో వేలాడే పొడుగాటి సావిడాయి చేపలు, గోనెసంచుల్లో ఎండురొయ్యలు. ఆదివారం ఆ రొయ్యలు వంకాయలో పడకపోతే మా ఇంట్లో నాతో ఎవరూ మాట్లాడరు. అందుకని ఆ కొట్టంటే నాకు మొదట్నించీ భక్తి.

హేమసుందర్ గారు నిర్వచనం చదివి వినిపించారు. మసేనమ్మ శ్రద్ధగా విని నా వైపు తిరిగింది.

"ఏటంటారు బాబూ ఈరు?"

"సరుకు ఫ్రెష్‌గా ఉండాలంటున్నారు మసేనమ్మా."

"ఓలమ్మో! పచ్చిసేప కావాల్సినోరు పడవల కాడికెల్తారండీ. ఎండుసేప కావాల్సినోరు నా కాడికొస్తారు. ఎండినదాన్నట్టుకుని పచ్చిగా ఉండమంటే అదెలా ఉంటాదండీ?"

"అది మా పరిధిలోకి రాదు" అన్నారు హేమసుందర్ గారు. "ఒక్కరోజులోపు ఎండబెట్టిన చేపలు, ఉప్పు లేకుండా అమ్ముకోవడానికి మీకు పూర్తి స్వేచ్ఛ ఉంది."

"ఉప్పెయ్యకుండా ఒక్కరోజు ఎండేత్తే రెండోరోజుకి పురుగులొచ్చేత్తాయండి."

"ఆ పురుగులు ఫ్రెష్‌గానే ఉంటాయి కదా" అన్నారాయన, చాలా శాస్త్రీయంగా.

నోటీసు ఇచ్చాం. షీల్డు ఎవరికివ్వాలో తేల్చే పై ఆఫీసు కమిటీ తనిఖీకి వచ్చే రోజు లోపల సరుకు ఫ్రెష్‌గా మారకపోతే కొట్టు సీలు. ఆ తరవాత స్థలం ఒక ఫ్రెష్ జ్యూస్ కంపెనీకి. ఆ జ్యూసు ఎక్కడో తయారై నెలలకొద్దీ లారీల్లో తిరిగి వస్తుంది. కానీ డబ్బా మీద ఫ్రెష్ అని అచ్చేసి ఉంది కాబట్టి దానికి తనిఖీ అక్కర్లేదని తిలోత్తమ గారు అప్పటికే తేల్చేశారు.

హేమసుందర్ గారు ముందుకు నడిచాక మసేనమ్మ నన్ను ఆపింది. అంతవరకూ ఉన్న నవ్వు ఇప్పుడా మొహంలో లేదు.

"మా అత్త కూకున్న కొట్టండీ ఇది. ఆవిడ పోయాక నేను కూకున్నాను. ఇది కాత్తా పోతే గంపెత్తుకుని ఈదులెంట తిరగాల. ఈ మోకాళ్ళతో నావల్ల కాదు బాబూ. ఏదోటి సూడండి."

"అర్జీ పెట్టు. ఎండుచేపకి మినహాయింపు ఇమ్మని. నేను లోపలికి పంపిస్తాను" అన్నాను. అర్జీ తప్ప వేరే దారి నాకూ తెలీదు.

ఆమె మర్నాడు పొద్దున్నే అర్జీ తెచ్చింది. సరిగ్గా ఆరోజే కమిషనర్ గారికి కొత్త ఉత్సాహం పుట్టింది.

"మార్కెట్ ఒక్కటి ఫ్రెష్‌గా ఉంటే చాలదయ్యా" అన్నారు. "ఆఫీసు సైతం అదే ప్రమాణాలకి లోబడాలి. ఒక్కరోజు దాటిన ప్రతి కాగితమూ పాసిపోయినట్టే లెక్క. సాయంత్రం చెత్తబండికి ఎత్తించండి."

మా ఆఫీసులో ఒక్కరోజులోపు తేలిన కాగితం నా సర్వీసులో నేను చూడలేదు. కాబట్టి పొద్దున్న వచ్చినవన్నీ సాయంత్రం బండెక్కేవి. మసేనమ్మ అర్జీ కూడా ఎక్కింది. మర్నాడు ఆమె మళ్ళీ వచ్చింది. నేను మళ్ళీ లోపలికి పంపాను. సాయంత్రం మళ్ళీ బండెక్కింది. ఇంటి పన్ను బకాయిల నోటీసులు కూడా అదే బండిలో వెళ్ళిపోతున్నాయని తెలిసి ఊళ్ళో జనం మాత్రం ఈ సంస్కరణని మనసారా మెచ్చుకున్నారు. ఇలాంటి కమిషనర్ మళ్ళీ రాడని కొందరు శాలువా కూడా కప్పారు.

ఆ తరవాత 'మరియు వ్యక్తి' అన్న ముక్క అమల్లోకి వచ్చింది. అమ్మేవాడికి అనుభవం ఉంటే వాడు ఫ్రెష్ కాదు. అందుకని మార్కెట్లో అందరినీ మార్చేశాం. పూలతన్ని పచ్చిమిరపకాయల దగ్గర కూర్చోబెడితే మూరల్లెక్కన అమ్మాడు. మాంసం కొట్టు మస్తాను తమలపాకుల దగ్గరికెళ్ళి ప్రతి కట్టనీ కత్తెత్తి రెండు ముక్కలు చేసి, కాళ్ళవైపు కావాలా తలవైపు కావాలా అనడిగాడు. మసేనమ్మకి మల్లెపూలు అప్పగించాం. సొంత కొట్టు ఒక కంట చూసుకుంటూ ఎదురుగా పూలబుట్టతో కూచోమన్నాం. మధ్యాహ్నానికి మిగిలిన పూలకి ఆమె ఉప్పు పట్టించి అరుగుమీద ఎండేసింది.

"ఇదేంటి మసేనమ్మా!" అన్నాను.

"ఏం సేత్తాం బాబూ, సెయ్యి ఊరుకోదు కదా" అంది పడీపడీ నవ్వుతూ.

ఆఫీసులోనూ అంతే. పేర్రాజు గారు జనన మరణాల సెక్షన్‌కి వెళ్ళి, ఒక పసిబిడ్డ సర్టిఫికెట్టులో మూడంతస్తుల వరకూ భారం మోయగలడని రాశారు. హేమసుందర్ గారు ఇళ్ళ ప్లాన్లు చూసే చోటికి వెళ్ళి, ఒక మేడకి రోజూ ఉదయం సాయంత్రం నడక సూచించారు. తిలోత్తమ గారికి సీళ్ళు వేసే పని పడింది. అంతకుముందు ఆవిడ జీవితంలో ఒక్క తాళమూ వేసి ఎరగరు. ఇంట్లో కూడా ఆ పని వాళ్ళాయనదే. అందుచేత ఆ పనికి ఆవిడని మించిన ఫ్రెష్ మనిషి లేదని కమిషనర్ గారు మురిసిపోయారు.

షీల్డు కమిటీ వచ్చే రోజు రానే వచ్చింది. కమిటీ అధ్యక్షురాలు వకుళాదేవి గారు పదకొండింటికి మార్కెట్‌కి చేరతారని కబురు. మసేనమ్మ ఆ పొద్దున్న కూడా అర్జీ తెచ్చింది. "ఇయ్యాల్టితో ఆఖరండీ" అంది. నేను తలెత్తి ఆమె మొహం చూడలేకపోయాను. కమిటీ వచ్చేలోపలే ఎండుచేపల కొట్టు సీలు కావాలని కమిషనర్ గారి ఆజ్ఞ. అర్జీ జేబులో పెట్టుకుని, లక్క, కొవ్వొత్తి, ముద్ర పట్టుకుని తిలోత్తమ గారి వెనక నడిచాను. నా మీద నాకే ఒళ్ళు మండిపోయింది.

కమిషనర్ గారు స్వయంగా వచ్చారు. పాసిపోయిన సరుకుని స్వహస్తాలతో పరిశీలిస్తున్న ఫొటో ఒకటి ఉంటే బాగుంటుందని ఆయన అభిప్రాయం. జేబురుమాలు ముక్కుకి కట్టుకుని కొట్టులోపలికి, బాగా లోపలికి, సావిడాయిల వెనక్కి వెళ్ళారు. ఫొటోగ్రాఫర్ బయట బ్యాటరీ మార్చుకుంటున్నాడు.

ఈలోగా తిలోత్తమ గారు నిబంధన చదువుకున్నారు. 'లోపలనున్నది లోపలనున్నట్లుగానే, ఏమియు కదిల్చకుండ, సీలు వేయవలెను.' చదివి, పలకలు ఒక్కొక్కటీ వరసగా బిగించి, అడ్డకర్ర వేసి, తాళం వేసి, గుడ్డ చుట్టి, లక్క కరిగించి ముద్ర కొట్టారు. తొలిసారి వేసిన సీలు. చూడముచ్చటగా కుదిరింది.

"అమ్మా! కమిషనర్ గారు లోపలున్నారు!" అన్నాను.

"తెలుసు" అన్నారావిడ. "లోపలున్నది లోపలున్నట్టే అని ఉంది. తీసెయ్యమని ఎక్కడా లేదు."

లోపలి నుంచి పలకలమీద గుద్దులు వినబడ్డాయి. "భానోజీ! ఏమిటిది? తలుపు తియ్యి!"

"సీలు పడింది సార్!"

"పగలగొట్టవయ్యా!"

"పురపాలక ముద్ర పగలగొట్టుట శిక్షార్హమైన నేరం" అన్నారు తిలోత్తమ గారు, పలకల సందులో నోరుపెట్టి. "సీలు తొలగించుటకు కమిషనర్ గారి లిఖితపూర్వక ఉత్తర్వు అవసరం."

"కమిషనర్ని నేనేనమ్మా!"

"అందుకే కదండీ, పని సులువైంది. లోపలి సరుకు ఫ్రెష్‌గా ఉన్నదని తాము సంతృప్తి చెందినట్టు రాసివ్వాలి. సరుకు ఫ్రెష్ కానంతవరకూ సీలు ఉండవలసిందే. తాము సంతకం పెట్టిన నిబంధనే."

బయట మార్కెట్ మార్కెట్టంతా పోగైంది. పూలతను మిరపకాయల దండ మెళ్ళో వేసుకుని మరీ వచ్చాడు. మసేనమ్మ బుగ్గన చెయ్యి పెట్టుకుని నిలబడింది. సరిగ్గా అప్పుడే కారొచ్చి ఆగింది. వకుళాదేవి గారు దిగారు.

"కమిషనర్ గారేరీ?" అన్నారు.

"తనిఖీలో ఉన్నారండి" అన్నాను. అబద్ధం కాదు.

నేను పలకల సందులోంచి కాగితం, కలం లోపలికి తోశాను. తిలోత్తమ గారు నిర్వచనం తీసి ఒక్కొక్క షరతే పైకి చదివారు. వకుళాదేవి గారు ఆసక్తిగా దగ్గరికొచ్చారు.

"ఒకటి. వస్తువు ఒక్కరోజుకి మించనిదేనా?"

లోపల్నుంచి దగ్గు. "సదరు సరుకు నా దృష్టికి వచ్చింది ఈరోజే. కాబట్టి నా దృష్టిలో ఒక్కరోజుదే."

"రాయండి సార్. రెండు. ఉప్పు లేనిదేనా?"

"అది... పైకి చూస్తే తెలియడం లేదు."

"రుచి చూడాలండి. సంతృప్తి చెందాలని ఉంది."

లోపల దండెం కిర్రుమంది. తరవాత నములుతున్న చప్పుడు వినబడింది. తరవాత ఇంకాసేపు నమిలిన చప్పుడు.

"ఏటి తింతన్నారు బాబూ?" అని కేకేసింది మసేనమ్మ.

"చిన్నచిన్నవి. వెండిలా మెరుస్తున్నాయి."

"నెత్తళ్ళండీ! కాల్సుకు తింటే ఇంకా బాగుంటాయి. పచ్చియి ఎక్కువ తినకండి బాబూ, దాహమేత్తాది!"

"ఉప్పు ఉండవలసినంతే ఉంది" అని కమిషనర్ గారి గొంతు వచ్చింది, మునుపటికంటే కొంచెం మెత్తగా. "ఉండవలసినది ఉండటం లోపం కాదు. రాస్తున్నాను."

"మూడు. పూర్వానుభవం?"

"ఈ చేపలకి లేదు. ఎండటం వీటికి ఇదే మొదటిసారి."

జనం చప్పట్లు కొట్టారు.

"నాలుగు. ముఖం కడిగి ఉన్నదా?"

దీనికి ఆయన నోరు తెరిచేలోపలే మసేనమ్మ అందుకుంది. "పుట్టిందగ్గర్నించీ సంద్రంలోనే ఉన్నాయి కదండీ! అయి కడుక్కున్నట్టు మనమెవరం కడుక్కున్నామండీ!"

"నమోదు చేశాను!" అన్నారు కమిషనర్ గారు లోపల్నుంచి, బతుకు జీవుడా అన్నట్టు.

కాగితం సందులోంచి బయటికొచ్చింది. 'నేను స్వయంగా లోపల ఉండి, పరిశీలించి, రుచి చూసి సంతృప్తి చెందినందున, సదరు కొట్టులోని ఎండుచేపలు అన్ని విధములా ఫ్రెష్ అని ధ్రువీకరించడమైనది' అని, కింద సంతకం. తిలోత్తమ గారు అక్షరం అక్షరం చదువుకుని, నా చేతికిచ్చి, ముద్ర తీసి తలుపు తెరిచారు. కమిషనర్ గారు బయటికొచ్చారు. రుమాలు ముక్కుమీద లేదు. కోటు భుజం మీద ఒక ఎండురొయ్య వేలాడుతోంది. ఆయన చుట్టూ ఎవరూ నిలబడలేకపోయారు, నేను తప్ప. నాకు ఆదివారం గుర్తొచ్చింది.

అక్కడితో అయిపోయిందని అందరం అనుకున్నాం. మసేనమ్మ నా చేతిలోంచి ఆ కాగితం తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, కమిషనర్ గారికి దణ్ణం పెట్టింది.

"సల్లగుండాలి బాబూ. మరి సిన్న అనుమానం. సాయంత్రానికి ఇది కూడా బండెక్కేత్తాది కదండీ?"

కమిషనర్ గారు ఆమె వైపు చూశారు.

"నా అర్జీలన్నీ అలాగే ఎల్లిపోయాయండి. పొద్దున్న తాజా, సాయంత్రం పాసి. రేపటికి ఈ కాయితం పాసిపోతే కొట్టు మళ్ళీ మూసేత్తారు. అప్పుడు తవరు మళ్ళీ లోపలికొచ్చి కూకోవాలండి. రోజూ వత్తారా బాబూ? వత్తానంటే ఆ మూల పీటేయించి, మంచినీళ్ళు పెడతాను."

మసేనమ్మ వెటకారంగా అనలేదు. పీట నిజంగానే వేయించేది. అంత మర్యాద తెలిసిన మనిషి.

కమిషనర్ గారు కొట్టువైపు చూశారు. తిలోత్తమ గారి చేతిలో ముద్ర చూశారు. ఆవిడ అప్పటికే రేపటి కోసం కొవ్వొత్తి జాగ్రత్తగా ఆర్పి సంచిలో పెట్టుకుంటున్నారు. ఆయన మొహంలో రంగులు మారడం నేను కళ్ళారా చూశాను.

"భానోజీ" అన్నారు నీరసంగా. "రాసుకో. 'మరియు'లన్నీ కొట్టెయ్యి."

"'లేదా' పెట్టమంటారా సార్?"

"ఏమీ పెట్టకు. మొత్తం నిర్వచనం కొట్టెయ్యి. ఎవరి కొట్లో వాళ్ళని కూచోమను. కాగితాలు బండెక్కించకండి."

"సర్క్యులర్‌కి ఏమని జవాబు రాయమంటారు?"

"ఫ్రెష్‌గా పరిశీలిస్తున్నామని రాయి" అన్నారు.

మార్కెట్ మార్కెట్టంతా ఒక్కసారి ఊపిరి పీల్చుకుంది. మస్తాను తమలపాకులు అక్కడే వదిలేసి తన కత్తి దగ్గరికి పరిగెత్తాడు. పూలతను మెళ్ళో దండ తీసి ఎవరికో పులుసులోకి ఇచ్చేశాడు. నేను జేబులోంచి ఆ పొద్దుటి అర్జీ తీసి మసేనమ్మ చేతికిచ్చాను. దాని పని ఇంక లేదు. ఆమె దాన్ని పొట్లం కట్టి నాకు ఎండురొయ్యలు పోసిచ్చింది. నేను వద్దనలేదు.

షీల్డు సంగతి చెప్పడం మరిచాను. అది మాకే వచ్చింది. ఏ ఊళ్ళోనూ కమిషనర్ స్వయంగా సీలువేసిన కొట్టులో కూర్చుని సరుకు పరీక్షించిన దాఖలా లేదని, ఇది పరిపాలనలో చాలా ఫ్రెష్ ఆలోచన అని వకుళాదేవి గారు రాశారు. కమిషనర్ గారు విదేశాలు వెళ్ళొచ్చారు. విమానంలో పక్క సీటు ఖాళీగా ఉందని, చాలా సుఖంగా ప్రయాణం చేశానని చెప్పారు. ఆ కోటు ఉతికించినా ప్రయోజనం లేకపోయిందని వాళ్ళావిడ మా ఇంట్లో చెప్పింది.

మొన్నామధ్య మసేనమ్మ కొట్టుకి వెళ్ళాను. కమిషనర్ గారి ధ్రువీకరణ పత్రం సావిడాయిల పక్కన దండేనికి గుచ్చి ఉంది. కాగితం ముదురు గోధుమరంగుకి తిరిగింది, అంచులు ముడుచుకుపోయాయి, సంతకం మీద ఉప్పు పొరలు కట్టింది.

"పాతబడిపోయింది కదా మసేనమ్మా. ఫ్రెష్‌గా ఇంకోటి రాయించి తేనా?" అన్నాను.

ఆమె కాగితాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని వంచి చూసింది, సరుకు చూసినట్టే.

"అక్కర్లేదు బాబూ" అంది. "ఇప్పుడే బాగా ఎండింది. ఇంక పాడవ్వదు."